కొలతలతో కట్టిన ఇంజిన్

రేస్ ట్రాక్ కోసం సిద్ధం చేసిన కారు ఇంజిన్‌కూ, రోజూ ఆఫీసుకు తీసుకువెళ్ళే కారు ఇంజిన్‌కూ నిర్మాణంలో మౌలికమైన తేడా ఏమీ లేదు. సిలిండర్లు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్‌షాఫ్ట్, వాల్వులు రెండింటిలోనూ ఉంటాయి. తేడా అంతా ఆ భాగాలు మోసే భారంలోనూ, ఆ భారాన్ని తట్టుకునేందుకు వాటి మధ్య వదిలిన సందుల కొలతల్లోనూ ఉంది. రోడ్డు మీద ఇంజిన్ తన పూర్తి శక్తిని ఏ లారీనో దాటేటప్పుడు కొన్ని సెకన్ల పాటు మాత్రమే ఇస్తుంది. ట్రాక్ మీద అదే ఇంజిన్ ల్యాప్ తరవాత ల్యాప్ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన స్థితిలో, తన వేగ పరిమితికి దగ్గర్లో, చల్లబడే వ్యవధి లేకుండా పనిచేయాలి. అటువంటి ఇంజిన్‌ను విడదీసి, కొలిచి, తిరిగి కట్టడాన్ని ఇంజిన్ బిల్డింగ్ అనీ, కట్టిన తరవాత డైనమోమీటర్ అనే యంత్రంపై నడిపి ఇంధనాన్నీ, స్పార్క్ వెలిగే క్షణాన్నీ సరిచేయడాన్ని డైనో ట్యూనింగ్ అనీ అంటారు. ఔత్సాహికుల సంభాషణల్లో ఎక్కువగా వినిపించేది డైనో కాగితం మీద కనిపించే గరిష్ఠ హార్స్‌పవర్ అంకె గురించే అయినా, ఈ విద్యలో ఆ అంకెకు ఉన్న విలువ చాలా పరిమితం.

ఈ విషయాన్ని వివరించడానికి హోండా సంస్థ 2001లో జపాన్‌లో ఇంటెగ్రా టైప్ ఆర్ కారుతో ప్రవేశపెట్టిన కె20ఎ ఇంజిన్ చక్కని ఉదాహరణ. బ్రిటన్‌లో తయారయ్యే ఏరియల్ ఆటమ్ వంటి తేలికపాటి ట్రాక్ కార్లు కూడా దీన్నే ఎంచుకున్నాయి. ఇందులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క దాని వ్యాసం, అంటే మెకానిక్కులు బోరు అనేది, 86 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ ప్రయాణించే దూరం, అంటే స్ట్రోకు, సరిగ్గా అంతే. మొత్తం ఘనపరిమాణం 1,998 సీసీ. టర్బో సహాయం లేకుండానే ఇది నిమిషానికి 8,000 చుట్ల వద్ద 220 మెట్రిక్ హార్స్‌పవర్ ఇచ్చేది, అంటే లీటరుకు 110. కార్ఖానా నుంచి ఈ స్థాయిలో వచ్చిన ఇంజిన్ నుంచి ఇంకా శక్తి రాబట్టాలంటే ఎక్కడో ఒకచోట ఏదో పెద్ద భాగం మార్చితే చాలదు. చిన్న చిన్న విషయాలన్నిటినీ పట్టించుకోవలసి ఉంటుంది.

ఇంజిన్ శక్తి గురించిన చర్చ పెట్రోలుతో కాక గాలితో మొదలుకావాలి. పెట్రోలును ఎంత కావాలంటే అంత చిమ్మవచ్చు గానీ, దాన్ని మండించగల గాలి సిలిండర్‌లోకి ఎంత చేరుతుందన్నదే అసలు పరిమితి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, సముద్రమట్టంలో ఒక లీటరు గాలి బరువు సుమారు 1.18 గ్రాములు. రెండు లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీల్చుకుంటుంది కాబట్టి, నిమిషానికి 8,000 చుట్ల వద్ద దాదాపు తొమ్మిదిన్నర కిలోల గాలి దాని గుండా ప్రవహిస్తుంది. దానికి తగిన పెట్రోలు నిమిషానికి సుమారు ఒక లీటరు. పీల్చుకోగలిగిన గాలికీ, సిలిండర్ల ఘనపరిమాణాన్ని బట్టి పీల్చుకోవలసిన గాలికీ ఉన్న నిష్పత్తిని వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. గాలికి కూడా బరువూ వేగమూ ఉండడం వల్ల, గొట్టంలో పరుగెత్తి వస్తున్న గాలి పిస్టన్ పైకి తిరిగి లేవడం మొదలుపెట్టాక కూడా కాసేపు లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. ఇన్‌టేక్ గొట్టాల పొడవు, ఎగ్జాస్ట్ గొట్టాల కలయిక, వాల్వులు తెరుచుకుని ఉండే వ్యవధి ఒకదానితో ఒకటి పొసిగితే ఈ నిష్పత్తి నూరు శాతాన్ని కూడా దాటుతుంది. అయితే ఆ పొంతన ఒక వేగం వద్ద కుదిరితే మరొక వేగం వద్ద చెడుతుంది. హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్ రూపకల్పన అంతా ఆ ఒక్క వేగాన్ని ఎక్కడ ఎంచుకోవాలన్న నిర్ణయం చుట్టూ తిరుగుతుంది.

క్రాంక్‌ను మెలితిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ బలం ఎంత వేగంగా పనిచేస్తున్నదో చెప్పేది పవర్. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని నిమిషపు చుట్లతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లలో పవర్ వస్తుంది. 200 న్యూటన్ మీటర్ల టార్క్ 4,000 చుట్ల వద్ద సుమారు 84 కిలోవాట్లు అయితే, అదే టార్క్ 8,000 వద్ద దానికి రెట్టింపు. టర్బో లేని ఇంజిన్‌లో టార్క్‌ను కొద్దిగా తప్ప పెంచడం కష్టం గనుక, దాన్ని ఇంకా పై వేగాల దాకా నిలబెట్టడమే మార్గం. ఆ మార్గానికి చెల్లించవలసిన మూల్యం కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. కె20ఎ ఇంజిన్ 8,400 చుట్ల వద్ద తిరుగుతున్నప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 24 మీటర్లు. పై కొసలో అది ఆగి వెనక్కి తిరిగే క్షణాన దాని త్వరణం భూమ్యాకర్షణకు నాలుగు వేల రెట్లకు పైగా ఉంటుంది. పిన్ను, రింగులతో కలిపి 400 గ్రాములు తూగే పిస్టన్ ఆ క్షణంలో రాడ్డును టన్నున్నరకు మించిన బలంతో పైకి లాగుతుంది. ఈ బలం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చుట్లు పది శాతం పెంచితే రాడ్డు మీది లాగుడు ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది.

అందుకే ఇంజిన్ కట్టేవారి పనిలో అధిక భాగం మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్ గేజ్ అనే కొలత పరికరాలతోనే గడుస్తుంది. బ్లాకును కడిగి, పగుళ్ళు లేవని నిర్ధారించుకున్న తరవాత, ప్రతి బోరునూ పైన, మధ్యన, కింద, రెండు దిశల్లో కొలిచి, అది గుండ్రంగా ఉందా, కిందికి పోయేకొద్దీ సన్నబడుతోందా అని చూస్తారు. హెడ్డు బోల్టులు బిగించగానే బ్లాకు లోహం కొద్దిగా వంగి బోరు ఆకారం మారుతుంది. అందువల్ల బోరును హోనింగ్ చేసేటప్పుడు, అంటే రాళ్ళతో నున్నగా గీసేటప్పుడు, హెడ్డు ఉండవలసిన చోట టార్క్ ప్లేట్ అనే మందపాటి లోహపు పలకను అంతే బిగువుతో బిగించి ఆ పని చేస్తారు. పలక తీసేశాక వంకరగా కనిపించే బోరు, హెడ్డు బిగించాక గుండ్రంగా నిలుస్తుంది. హోనింగ్ రాయి వదిలిన అడ్డగీతల గాళ్ళలో ఆయిల్ నిలిచి రింగులను కాపాడుతుంది. పిస్టన్ రింగు కొసల మధ్య వదిలే సందు కూడా యథాలాపంగా నిర్ణయమయ్యేది కాదు: టర్బో లేని ఇంజిన్‌కు 86 మిల్లీమీటర్ల బోరులో సుమారు 0.34 మిల్లీమీటర్లు అన్నది ఒక ప్రారంభ సూత్రం. సందు మరీ తక్కువైతే వేడికి రింగు వ్యాకోచించి కొసలు ఒకదానికొకటి తాకి, బోరును గీరి, చివరకు పిస్టన్ తలనే విరగ్గొడుతుంది. క్రాంక్‌కూ బేరింగ్ షెల్లుకూ మధ్య ఆయిల్ పొర ఉండవలసిన సందు ఇంకా సూక్ష్మం, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.

కనెక్టింగ్ రాడ్డు బోల్టు విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సాధారణ మరమ్మతుల్లో బోల్టును టార్క్ రెంచ్‌తో నిర్ణీత బిగువు దాకా తిప్పి వదిలేస్తారు. కానీ ఆ తిప్పుడు బలంలో దాదాపు తొంభై శాతం మరల దగ్గరా, బోల్టు తల కిందా రాపిడికే ఖర్చయిపోతుంది. బోల్టును నిజంగా సాగదీసి రాడ్డు రెండు ముక్కలనూ అదిమిపట్టేది మిగిలిన పదో వంతే. మరలకు ఏ ఆయిల్ రాశారు, ఎంత రాశారు అన్నదాన్ని బట్టి ఆ పదో వంతు మారిపోతుంది. బోల్టు ఒక గట్టి స్ప్రింగ్ లాగే పనిచేస్తుంది కనుక, అది ఎంత సాగిందో చూస్తే ఎంత బలంతో పట్టుకుందో తెలుస్తుంది. ట్రాక్ ఇంజిన్ కట్టేవారు ఈ కారణంగానే బోల్టు పొడవును బిగించక ముందూ, బిగించాక కూడా కొలిచి, తయారీదారు చెప్పినంత సాగిందో లేదో చూసి, బోల్టు బోల్టుకూ ఆ అంకెను రాసి పెట్టుకుంటారు. మళ్ళీ విప్పినప్పుడు ఏ బోల్టు అయినా మొదటి పొడవుకు తిరిగి రాకపోతే దాన్ని పారేస్తారు.

పిస్టన్ కింది కొసలో ఉన్నప్పటి ఘనపరిమాణానికీ, పై కొసలో ఉన్నప్పటి ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తిని కంప్రెషన్ రేషియో అంటారు. కె20ఎలో అది 11.5. సిలిండర్‌కు దాదాపు 500 సీసీ కాబట్టి, పిస్టన్ పైకి వచ్చాక దాని తల మీద మిగిలే చోటు 47.6 సీసీ, రేషియోను 12.5కు పెంచాలంటే ఆ చోటును 43.4 సీసీకి తగ్గించాలి. నాలుగు సీసీల మార్పును కంటితో అంచనా వేయడం అసాధ్యం. హెడ్డును తలకిందులుగా పెట్టి, కంబషన్ చాంబర్ మీద చిన్న రంధ్రమున్న పారదర్శకమైన పలకను గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో చుక్క చుక్కగా ద్రవం పోసి, గాలి బుడగ పూర్తిగా పోయే దాకా ఆగి, నాలుగు చాంబర్లనూ విడివిడిగా కొలుస్తారు. ఒక చాంబర్ మిగతా వాటికన్నా చిన్నదైతే ఆ సిలిండర్ ముందుగా నాకింగ్‌కు, అంటే మిశ్రమం తనంతట తానే అంటుకోవడానికి, గురవుతుంది; అప్పుడు దాని కోసం మిగతా మూడింటి శక్తినీ తగ్గించుకోవలసి వస్తుంది.

వాల్వులను ఎక్కువ ఎత్తు లేపే క్యామ్‌షాఫ్టులు అమర్చినప్పుడు వాల్వు, పిస్టన్ ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయో లేదో చూసే పద్ధతి ఎంతో సరళమైనది, అంతే నమ్మదగినది. పిస్టన్ తల మీది వాల్వు గుంతల్లో మెత్తని బొమ్మల మట్టి అద్ది, మట్టి అంటుకోకుండా వాల్వులకు ఆయిల్ రాసి, హెడ్డు బిగించి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, హెడ్డు మళ్ళీ విప్పి, వాల్వు అద్దిన చోట మట్టిని బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. ఇన్‌టేక్ వైపు రెండు మిల్లీమీటర్లు, ఎక్కువ వేడెక్కి సాగే ఎగ్జాస్ట్ వైపు రెండున్నర మిల్లీమీటర్లు కనీసం ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. కె20ఎలో ఇంకొక చిక్కు ఉంది. దాని ఇన్‌టేక్ క్యామ్ నడుస్తుండగానే 50 డిగ్రీల దాకా ముందుకు జరగగలదు. క్యామ్ ఎంత ముందుకు జరిగితే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కు అంత దగ్గరవుతుంది. అందువల్ల మట్టి పరీక్షను క్యామ్ మామూలు స్థానంలో ఉన్నప్పుడు చేసి సరిపెట్టుకుంటే ప్రమాదం; పూర్తిగా ముందుకు జరిపి కూడా చూడాలి, సందు చాలకపోతే ఆ జరుగుడునే యాంత్రికంగా తగ్గించాలి.

ఇలా కట్టిన ఇంజిన్ చేరేది డైనో వద్దకు. శక్తిని కొలిచే ఈ యంత్రానికి దీర్ఘమైన చరిత్ర ఉంది. ఫ్రెంచి ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ 1821లో తిరిగే ఇరుసును చెక్క దిమ్మెలతో బిగించి, ఆ రాపిడి బలాన్ని తూకంతో కొలిచే బ్రేకును రూపొందించాడు. 1877లో ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్ ఓడల ఇంజిన్ల కోసం నీటి నిరోధంతో పనిచేసే డైనమోమీటర్‌ను తయారుచేశాడు. నేటి రోలర్ డైనోలలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇనర్షియా డైనోలో కారు చక్రాలు ఒక బరువైన డ్రమ్మును తిప్పుతాయి. దాని జడత్వం ముందే తెలుసు కనుక అది ఎంత త్వరగా వేగం అందుకున్నదో చూసి శక్తిని లెక్కగడతారు. బ్రేక్ డైనోలో విద్యుదయస్కాంత నిరోధం ఇంజిన్‌ను కోరిన వేగం వద్ద, కోరిన భారం కింద, అవసరమైనంత సేపు నిలిపి ఉంచుతుంది. అంకె చూసుకోవడానికి మొదటి రకం చాలు; ట్యూనింగ్‌కు రెండోదే తగినది.

రెండు వేర్వేరు డైనోల మీద వచ్చిన అంకెలను పోల్చడం దాదాపు నిరర్థకం. చక్రాల దగ్గర కొలిచేసరికి ఇంజిన్ శక్తిలోంచి గేర్‌బాక్సు, టైర్లు ఎంత మింగాయన్నది ఊహే. టైరు గాలి, డ్రమ్ముకు కారును కట్టిన బిగువు, నూనె వేడి అన్నీ ఫలితాన్ని మారుస్తాయి. ఆనాటి వాతావరణాన్ని ఒక ప్రామాణిక స్థితికి సరిచేసే సూత్రాలు కూడా ఒకటి కాదు: ఎస్ఎఇ జె1349 అనే ప్రమాణం 25 డిగ్రీల వేడినీ, 99 కిలోపాస్కల్‌ల పొడి గాలి పీడనాన్నీ ఆధారంగా తీసుకుంటే, పాత ప్రమాణం ఒకటి ఇంకా చల్లని, చిక్కని గాలిని తీసుకుని అదే ఇంజిన్‌కు సుమారు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. డైనో విలువ పోలికలో ఉంది. అదే యంత్రం, అదే గేరు, అదే ఆయిల్ వేడి, అదే టైరు గాలితో మార్పుకు ముందూ తరవాతా నడిపి, ఒకే ఫలితం రెండు మూడుసార్లు వచ్చిన మీదట మాత్రమే ఆ మార్పు పనిచేసిందని అనుకోవచ్చు.

ట్యూనింగ్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని పట్టికలను నింపడం. ఆ పట్టికకు ఒక అంచున ఇంజిన్ వేగం, ఇంకో అంచున ఇన్‌టేక్ గొట్టంలోని పీడనం ఉంటాయి. ఆ రెండూ కలిసే ప్రతి గడిలో ఎంత పెట్రోలు చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో రాసి ఉంటుంది. 8,000 చుట్ల వద్ద నాలుగు స్ట్రోకులూ 15 మిల్లీసెకన్లలో ముగిసిపోతాయి గనుక ఇంజెక్టర్ తన పని అంతకన్నా తక్కువ వ్యవధిలో పూర్తిచేయాలి. చిన్న ఇంజెక్టర్ అయితే మూసుకునే సమయమే దొరకదు. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది రెట్లు చాలు. అందువల్ల ఇప్పుడు మన దేశంలో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. ఇంధనం మారినప్పుడల్లా ఈ గందరగోళం లేకుండా ట్యూనర్లు లాంబ్డా అనే కొలమానం వాడతారు: ఏ ఇంధనమైనా సరే, సరిపడా గాలి ఉంటే లాంబ్డా 1. ఎగ్జాస్ట్ గొట్టంలో అమర్చిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ దాన్ని చూపిస్తుంది. టర్బో లేని ఇంజిన్ గరిష్ఠ శక్తి సాధారణంగా 0.86కూ 0.90కీ మధ్య, అంటే పెట్రోలు కొంత ఎక్కువగా ఉన్నప్పుడు వస్తుంది.

స్పార్క్ విషయం ఇంకా సున్నితమైనది. మంట చాంబర్ అంతటా వ్యాపించడానికి కొంత సమయం పడుతుంది కనుక, పిస్టన్ పై కొసకు చేరకముందే స్పార్క్ ఇవ్వాలి. దీన్నే అడ్వాన్స్ అంటారు. పీడనం పిస్టన్ పై కొస దాటి పదిహేను డిగ్రీలు దిగే సమయానికి శిఖరానికి చేరేలా అడ్వాన్స్ కుదిరితే క్రాంక్‌కు అత్యధిక బలం అందుతుంది. బ్రేక్ డైనో మీద ఇంజిన్‌ను ఒక వేగం వద్ద నిలిపి, అడ్వాన్స్‌ను డిగ్రీ డిగ్రీగా పెంచుతూ పోతే టార్క్ మొదట చకచకా పెరిగి, క్రమంగా మందగించి, ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంకొక డిగ్రీ ఇస్తే వచ్చేది శక్తి కాదు, వేడి. అది చాలక, ఇంకా మండని మిశ్రమం పీడనానికి తనంతట తానే భగ్గున అంటుకుని సిలిండర్‌లో పీడన తరంగాలు పుట్టిస్తుంది, ఇదే నాకింగ్. 86 మిల్లీమీటర్ల బోరులో ఆ తరంగాల మోత సుమారు 6.6 కిలోహెర్ట్జ్ వద్ద ఉంటుందని గణితం చెబుతుంది, నాక్ సెన్సర్లు వెతికేది ఆ శబ్దాన్నే. అనుభవజ్ఞుడైన ట్యూనర్ బ్లాకుకు బిగించిన మైక్రోఫోన్‌కు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సెన్సర్ గుర్తించకముందే దాన్ని వినగలడు. టార్క్ ఆగిన చోటుకు ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి ఆగేవాడే మంచి ట్యూనర్ అని చెప్పడం సబబు. డైనో గదిలో పోగొట్టుకున్న ఒకటి రెండు హార్స్‌పవర్, ఎండలో, నాసిరకం పెట్రోలుతో, పదో ల్యాపులో పిస్టన్‌ను కాపాడతాయి.

కె20ఎ ట్యూనింగ్‌లో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం క్యామ్‌ల అమరిక. ఈ ఇంజిన్‌లో తక్కువ వేగాలకు ఒక క్యామ్ ఆకారం, ఎక్కువ వేగాలకు ఇంకొకటి ఉంటాయి. మొదటి దాని నుంచి రెండో దానికి మారే ఏర్పాటును హోండా వీటెక్ అంటుంది. ఇన్‌టేక్ క్యామ్‌ను ముందుకు వెనక్కు జరిపే ఏర్పాటు దీనికి అదనం. ట్యూనర్ ముందుగా క్యామ్ కోణాన్ని సున్నా వద్ద స్థిరంగా ఉంచి డైనో మీద కింది వేగం నుంచి పైదాకా ఒకసారి నడుపుతాడు. తరవాత 10 డిగ్రీల వద్ద, 20, 30, 40, సందు అనుమతిస్తే 50 వద్ద మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తాడు. ఆ టార్క్ గీతలన్నిటినీ ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే, మధ్య వేగాల్లో ఎక్కువ కోణపు గీత పైన ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ అది కిందికి జారి తక్కువ కోణపు గీత పైకి వస్తుంది. ప్రతి వేగం వద్దా పైన ఉన్న గీతకు చెందిన కోణాన్ని పట్టికలో రాసుకుంటూ పోతే, గీతలన్నిటి పై అంచూ కలిసి ఒక కొత్త గీతగా ఏర్పడుతుంది. రెండు క్యామ్ ఆకారాలకూ విడివిడిగా ఇలా చేసి, ఆ రెండు పై అంచులూ ఒకదాన్నొకటి ఖండించే చోట వీటెక్ మార్పిడిని పెడతారు. అక్కడ పెడితే మార్పు జరిగినప్పుడు కుదుపు కూడా ఉండదు. ఈ పని వల్ల గరిష్ఠ పవర్ అంకె పెద్దగా పెరగకపోవచ్చు. కానీ మలుపులోంచి బయటపడేటప్పుడు ఇంజిన్ ఉండే 5,500 నుంచి 8,000 దాకా గీత కింద వైశాల్యం పెరుగుతుంది. ల్యాప్ సమయాన్ని తగ్గించేది అదే.

డైనో మీద కారు కదలదు కాబట్టి, అది చూపించలేని ఒక విషయం ఆయిల్. టైర్ల పట్టు వల్ల పొడవాటి మలుపులో పక్కకు పడే బలం కారు బరువుతో సమానమైతే, సంపులోని, అంటే ఇంజిన్ అడుగున ఉండే తొట్టెలోని, ఆయిల్ ఉపరితలం, వంచిన పళ్ళెంలో నీటిలా, ఏకంగా 45 డిగ్రీలు వాలిపోతుంది. ఆయిల్‌ను పీల్చే గొట్టం కొస గాలిలో తేలిపోతే, ఇరవయ్యో వంతు మిల్లీమీటరు సందులో ఉన్న పొర క్షణాల్లో తెగి, బేరింగ్ షెల్లు క్రాంక్‌కు అతుక్కుని ఇంజిన్ సీజ్ అవుతుంది. సంపులో అడ్డుగోడలూ, ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులూ పెట్టడం, ఆయిల్ కూలర్ అమర్చడం, ఆయిల్ పీడనాన్ని నిరంతరం నమోదు చేయడం ట్రాక్ ఇంజిన్‌కు క్యామ్‌ల కన్నా ముందు చేయవలసిన పనులు. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల మద్రాస్ రేస్ ట్రాక్ మీద వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి పీల్చుకునే ఇంజిన్‌కు, 25 డిగ్రీల డైనో గదితో పోలిస్తే గాలి ఐదు శాతం పలచగా అందుతుంది. పవర్ ఆ మేరకు తగ్గడం సహజం. అదే వేడి నాకింగ్‌ను మాత్రం ఇంకా చేరువ చేస్తుంది. అందుకని గాలి వేడి పెరిగేకొద్దీ అడ్వాన్స్‌ను తగ్గించే మరొక పట్టికను కూడా ముందుగానే నింపి ఉంచుతారు.

మొదటి ట్రాక్ రోజు ముగిసి ఇంజిన్ చల్లారాక, నమోదైన ఆయిల్ పీడనపు గీతను మలుపు మలుపుకూ పరిశీలిస్తారు. వేగం పెరుగుతుండగా పీడనం పడిపోయిన చోటు ఏదైనా కనిపిస్తే సంపు విప్పవలసిందే. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి, వెలుతురులో పరిచి చూస్తారు: అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఉక్కు భాగాలవి, అంటుకోకుండా మెరిసేవి పిస్టన్‌వో బేరింగ్‌వో. స్పార్క్ ప్లగ్గులు విప్పి, పింగాణీ మీద సూక్ష్మమైన నల్లని మచ్చలు, వెండి చుక్కలు ఉన్నాయేమో భూతద్దంతో వెతుకుతారు. అవి వినబడకుండా జరిగిపోయిన నాకింగ్ ఆనవాళ్ళు. ఏ సిలిండర్ ప్లగ్గు మీద కనిపిస్తే ఆ సిలిండర్‌కు మాత్రమే ఒక డిగ్రీ అడ్వాన్స్ తగ్గించి, కారును మళ్ళీ అదే డైనో మీదకు, అదే గేరులో ఎక్కిస్తారు.